స్టీల్ తీగలకు అలవాటుపడ్డ చేతికి మొదటి నైలాన్ గిటార్

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: ఎనిమిదేళ్ళుగా స్టీల్ తీగల అకూస్టిక్ గిటార్ వాయిస్తున్నారు, ఇప్పుడు నైలాన్ తీగల గిటార్ ఒకటి కొనాలనుకుంటున్నారు. షాపులో క్లాసికల్ గిటార్ పట్టుకుంటే నెక్ పలకంత వెడల్పుగా అనిపించింది. పక్కనే ఉన్న సన్న నెక్ క్రాస్‌ఓవర్ (స్టీల్ గిటార్ కొలతలకి దగ్గరగా చేసిన నైలాన్ గిటార్) మాత్రం వెంటనే చేతికి కుదిరింది. ఏది కొనాలి?

స్టేజీ మీద రెండు రకాల గిటార్లూ మార్చి మార్చి వాయించాల్సిన అవసరం ఉంటే తప్ప, నట్ (నెక్ పైచివర తీగలు ఆనే పట్టీ) 52 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న మామూలు క్లాసికలే తీసుకోండి. నేను ముందు క్రాస్‌ఓవర్ కొన్నాను. 14 నెలల తర్వాత దాన్ని అమ్మేసి క్లాసికల్‌కి వచ్చాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నాకు నైలాన్ మీద మనసు పడింది ఒక స్నేహితుడి ఇంట్లో. గోడకి వేలాడుతున్న పాత క్లాసికల్ గిటార్ తీసుకుని, వేళ్ళతో నెమ్మదిగా నాలుగు కార్డులు (కలిపి మోగించే స్వరాలు) మీటాను. స్టీల్ తీగలో ఉండే ఆ మెరుపు లేదు. దాని బదులు గుండ్రంగా, కండగల స్వరం పుట్టి, కాసేపు నిలిచి, మెత్తగా ఆరిపోయింది. స్వరానికీ స్వరానికీ మధ్య నిశ్శబ్దం వినిపించింది. ఆ రాత్రంతా అదే చెవుల్లో ఉంది. నెల తిరక్కుండానే షాపుకి వెళ్ళాను.

వెళ్ళాక మీలాగే చేశాను. క్లాసికల్ పట్టుకుంటే నాకు బాగా వచ్చిన పాట కూడా తడబడింది. 48 మి.మీ. నట్ ఉన్న పల్చటి బాడీ ఎలక్ట్రో నైలాన్ పట్టుకుంటే అన్నీ చకచకా పలికాయి. పది నిమిషాల్లో నిర్ణయం అయిపోయింది. ఇంటికి తెచ్చి ఆంప్ (శబ్దం పెంచే పెట్టె) లేకుండా వాయిస్తే తెలిసింది, నేను వెతుక్కుంటూ వెళ్ళిన నాదం అందులో లేదు. బాడీ పల్చన కాబట్టి లావు తీగలకు లోతు రాలేదు. అంతకంటే పెద్ద నష్టం, నా చేయి ఏమీ మారలేదు. నెక్ పాతలాగే ఉంది కాబట్టి పాతలాగే గట్టిగా కొట్టాను, బొటనవేలు నెక్ మీదుగా పైకి వేలాడదీశాను. నైలాన్ తీగని అలా బాదితే స్వరం పగిలిపోతుంది. అది గిటార్ లోపం కాదు. దాని అవసరం వేరు, నాకు కావలసింది వేరు.

షాపులో మొదటి పది నిమిషాల్లో చేతికి తెలిసేది వెడల్పు ఒక్కటే. కానీ అన్నిటికంటే త్వరగా అలవాటయ్యేది కూడా అదే. లెక్క చూడండి. మీ స్టీల్ గిటార్ నట్ 43, 44 మి.మీ. మధ్య ఉంటుంది. క్లాసికల్‌ది 52. తేడా 8, 9 మిల్లీమీటర్లు. దాన్ని ఆరు తీగల మధ్య ఉన్న ఐదు సందులకీ రెండు అంచులకీ పంచితే, ఒక్కో సందుకి వచ్చేది మిల్లీమీటరు పైచిలుకు. వేలికి అంతకు మించి దూరం పెరగదు. మరి అంత ఇబ్బంది ఎందుకు అనిపిస్తుంది? కూర్చునే తీరు వల్ల. మనం గిటార్‌ని కుడి తొడ మీద పెట్టుకుంటాం, నెక్ నేలకి సమాంతరంగా ఉంటుంది, మణికట్టు వంగిపోతుంది. క్లాసికల్ గిటార్ ఎడమ తొడ మీద, పాదం కింద చిన్న పీట వేసుకుని, హెడ్ దాదాపు కంటి ఎత్తుకు వచ్చేలా పట్టుకోవాలి. బొటనవేలు నెక్ వెనక మధ్యలో ఉండాలి. షాపులో పీట లేకపోతే గిటార్ పెట్టె మీద పాదం పెట్టుకునైనా అలా కూర్చుని వాయించి చూడండి. అదే నెక్ సగం వెడల్పు తగ్గినట్టు ఉంటుంది.

నాకు పూర్తిగా కుదరడానికి మూడు వారాలు పట్టింది, రోజుకి అరగంట చొప్పున. మొదటి వారం బ్యారే కార్డులు, అంటే ఒకే వేలు అడ్డంగా వేసి తీగలన్నీ నొక్కేవి, చికాకు పెట్టాయి. స్టీల్ గిటార్ ఫ్రెట్‌బోర్డ్‌కి (వేళ్ళు నొక్కే పలకకి) కొంచెం వంపు ఉంటుంది, క్లాసికల్‌ది చదును. చూపుడువేలు కాస్త పక్కకి తిప్పి, ఎముక వైపుతో నొక్కడం నేర్చుకున్నాక అదీ తీరింది. తీగల్లో బిగువు తక్కువ కాబట్టి వేలికి నొప్పి కూడా లేదు.

ఒక్కటి మాత్రం తీరలేదు. ఆరో తీగని బొటనవేలితో పైనుంచి నొక్కి ఎఫ్ కార్డు పట్టే అలవాటు నాకుండేది. 52 మి.మీ. నెక్ మీద నా చేతికి అది అందదు. మీ పాటలన్నీ ఆ పట్టు మీదే నడిచేవైతే క్రాస్‌ఓవర్ కొనడానికి అది న్యాయమైన కారణం. 12వ ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దాటి పైకి ఎక్కువగా వెళ్ళేవాళ్ళకీ అంతే. క్లాసికల్ నెక్ బాడీతో కలిసేది 12వ ఫ్రెట్ దగ్గర, చాలా క్రాస్‌ఓవర్లకి 14వ ఫ్రెట్ దగ్గర. యమహాలో ఈ తేడా తేటగా కనిపిస్తుంది: ఎన్‌టీఎక్స్ వరసకి 48 మి.మీ. నట్, 14వ ఫ్రెట్ కలయిక. ఎన్‌సీఎక్స్‌కి 52 మి.మీ., 12వ ఫ్రెట్. కోర్డోబా ఫ్యూజన్ వరస కూడా 48లోనే వస్తుంది. వీటిని కొనేట్టయితే ఆంప్‌కి తగిలించి విని కొనండి, అవి ఎక్కువగా ఆంప్‌తో వాడే గిటార్లు. ఎలక్ట్రిక్ గిటార్లలో ఉండే అయస్కాంతం పికప్ (తీగ కదలికని విద్యుత్తుగా మార్చేది) నైలాన్‌ని పట్టుకోలేదు, అందుకే వీటిలో శాడిల్ (బాడీ వైపు తీగలు ఆనే సన్న బద్ద) కింద, ఒత్తిడిని పట్టుకునే పియెజో పికప్ ఉంటుంది. కొన్నింటిలో ఆ ధ్వని ప్లాస్టిక్‌లా గీరుకుపోతుంది. చెవికి నచ్చకపోతే ఇంకోటి చూడండి.

క్లాసికల్ దగ్గరికి వస్తే, మొదట చూడాల్సింది పైచెక్క. అది ఒకే చెక్కతో చేసిన సాలిడ్ టాప్ అయి ఉండాలి. స్వరం పుట్టేది అక్కడే, నైలాన్ తీగకి ఉన్న కొద్దిపాటి బలంతో ఆ చెక్క కదలాలి. కనుక్కోవడం తేలిక. సౌండ్‌హోల్ అంచుని వెలుతురులో దగ్గరగా చూడండి. పైన కనిపించే గీతలే అంచు మందంలో కూడా కిందికి దిగితే సాలిడ్. అట్టలు అంటించినట్టు పొరలు కనిపిస్తే ప్లై. వెనక, పక్క చెక్కలు ప్లై అయినా మొదటి గిటార్‌కి నాకు అభ్యంతరం లేదు. యమహా సీ40 లాంటి ప్లై టాప్ గిటార్‌తో చాలామంది మొదలుపెడతారు, నెక్ ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి అది చాలు. కానీ మీ చెవి ఎనిమిదేళ్ళ చెవి. త్వరలోనే చాలదు అనిపిస్తుంది. సాలిడ్ సెడార్ టాప్ ఉన్న కోర్డోబా సీ5, యమహా సీజీ వరసలో సాలిడ్ టాప్ ఉన్నవి, ఈ స్థాయి దగ్గర మొదలుపెట్టండి.

పైచెక్క సెడారా, స్ప్రూసా అని కూడా అడిగారు. సెడార్ కొన్న రోజునుంచే విచ్చుకుని, వెచ్చగా పలుకుతుంది. మెత్తగా మీటితే ఎంతో ఇస్తుంది, గట్టిగా మీటితే ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది. స్ప్రూస్ స్వరం ఇంకొంచెం తేటగా, సూటిగా ఉంటుంది. స్టీల్ వాయించి వచ్చినవాళ్ళకి నేను సెడార్‌నే చెబుతాను. మన చేతి బరువుని అదే తగ్గిస్తుంది. నాది సెడారే. రెండు నెలల్లో నా కుడిచేయి ఎంత మెత్తబడిందంటే, తిరిగి స్టీల్ గిటార్ తీసుకున్నప్పుడు అది కూడా ముందుకంటే బాగా పలికింది.

తీగల ఎత్తు, అదే యాక్షన్, చూసి కంగారు పడొద్దు. క్లాసికల్‌కి 12వ ఫ్రెట్ దగ్గర ఒకటో తీగ కింద 3, ఆరో తీగ కింద 4 మి.మీ. ఉండటం మామూలే. నైలాన్ తీగలో బిగువు తక్కువ, మీటినప్పుడు ఎక్కువ ఊగుతుంది. స్టీల్ అంత కిందికి దించితే ఫ్రెట్లకి తగిలి బర్రుమంటుంది. మరీ ఎత్తుగా ఉంటే శాడిల్ అరగదీయించవచ్చు. 12వ ఫ్రెట్ దగ్గర 1 మి.మీ. తగ్గాలంటే శాడిల్ దగ్గర 2 మి.మీ. తగ్గాలి. కాబట్టి కొనేముందు బ్రిడ్జ్ (శాడిల్ కూర్చునే చెక్క) పైకి శాడిల్ ఎంత మిగిలి ఉందో చూడండి. తీగలు ఎత్తుగా ఉండి శాడిల్ అప్పటికే మునిగిపోయినట్టు ఉంటే ఆ గిటార్ వదిలేయండి.

నెక్‌ని హెడ్ వైపునుంచి ఒక కన్ను మూసి చూడండి. సంప్రదాయ క్లాసికల్ గిటార్లలో చాలావాటికి ట్రస్ రాడ్ (నెక్ లోపల ఉండి వంపుని సర్దే లోహపు కడ్డీ) ఉండదు, వంగిన నెక్‌ని రెంచితో సరిచేసుకునే వీలుండదు. ట్రస్ రాడ్ ఉన్నది దొరికితే మొదటి గిటార్‌కి మంచిదే. తర్వాత ప్రతి తీగనీ 12వ ఫ్రెట్ దగ్గర నొక్కకుండా తాకి హార్మోనిక్ మీటి, అక్కడే నొక్కి మీటి, రెండూ కలుస్తున్నాయో లేదో వినండి. మూడో తీగ దగ్గర ఎక్కువసేపు ఆగండి. స్టీల్‌లో మూడోది చుట్టిన తీగ, నైలాన్‌లో లావుపాటి నున్నటి తీగ. చాలా గిటార్లలో అదే మొద్దుగా పలుకుతుంది, శ్రుతి కూడా అక్కడే తప్పుతుంది. తేడా కొద్దిగానే ఉంటే ఆ ఒక్క తీగ బదులు కార్బన్ తీగ వేస్తే చాలావరకు సర్దుకుంటుంది. అది సన్నగా ఉంటుంది, స్వరం తేటగా వస్తుంది.

కొత్త తీగలు మొదటి వారం సాగుతూనే ఉంటాయి. పొద్దున శ్రుతి చేస్తే మధ్యాహ్నానికి దిగిపోతుంది. ట్యూనింగ్ కీలు పాడయ్యాయనుకుని గిటార్ వెనక్కి ఇచ్చేయకండి. తీగకి చివర పూస ఉండదు, బ్రిడ్జ్ దగ్గర ముడి వేయాలి. సన్న తీగలకి రెండు మూడు మెలికలు ఎక్కువ వేయండి. నున్నటి తీగ ముడి జారిందంటే కొరడాలా వచ్చి పైచెక్క మీద గాటు పెడుతుంది. నా గిటార్ మీద అలాంటి గాటు ఒకటుంది. అప్పటినుంచీ తీగలు మార్చేటప్పుడు బ్రిడ్జ్ వెనక అట్టముక్క పెడుతున్నాను.

ఈ గిటార్‌కి స్టీల్ తీగలు మాత్రం ఎప్పుడూ వేయకండి. స్టీల్ లైట్ సెట్ మొత్తం కలిపి సుమారు 70 కిలోల బలంతో లాగుతుంది, నైలాన్ సెట్ 40 కిలోలకి అటూ ఇటూ. క్లాసికల్ పైచెక్క కింద విసనకర్ర పుల్లల్లా పరిచే సన్నటి బద్దలు ఆ తక్కువ బలానికే సరిపోతాయి. 19వ శతాబ్దంలో స్పెయిన్‌లో ఆంటోనియో దె టోరెస్ చేతిలో స్థిరపడిన అమరిక అది. తీగల మోత బాగుంటుందని నాకు తెలిసినవాళ్ళొకరు స్టీల్ సెట్ వేశారు. కొన్నాళ్ళకే పైచెక్క ఉబ్బింది, బ్రిడ్జ్ వెనక అంచు లేచింది. సెకండ్‌హ్యాండ్ కొంటుంటే ఇదే వెతకండి: బ్రిడ్జ్ వెనక అంచు కింద సన్న కాగితం దూరుతుందేమో చూడండి. దూరితే వద్దు.

పిక్‌తో (తీగ మీటే చిన్న ముక్కతో) వాయించవచ్చా అన్నారు. నిక్షేపంగా. అమెరికన్ గాయకుడు విల్లీ నెల్సన్ తన మార్టిన్ ఎన్-20 క్లాసికల్‌ని 1969 నుంచి పిక్‌తోనే వాయించారు. ఆ గిటార్ పైచెక్కకి పడ్డ చిల్లు కూడా లోకానికంతా తెలిసిందే. క్లాసికల్‌కి పిక్‌గార్డ్ ఉండదు, చెక్క మెత్తన. పిక్ వాడేట్టయితే పారదర్శకంగా ఉండే ట్యాప్ ప్లేట్ అంటించుకోండి, ఫ్లమెంకో గిటార్లకి అంటించే రకం. కానీ మొదటి నెల పిక్ లేకుండా వాయించండి అని బతిమాలి చెబుతాను. వేలి కండా గోరూ కలిసి తీగని వదిలినప్పుడు వచ్చే స్వరం కోసమే కదా ఇదంతా.

మీ కాపో (తీగలన్నిటినీ ఒకచోట నొక్కిపట్టే బిగింపు) కూడా చూసుకోండి, వంపు ఉన్నదైతే చదును నెక్ మీద మధ్య తీగలు మూగబోతాయి. తీగని పక్కకి లాగి చేసే బెండ్లు ఇందులో అంతగా పలకవు. దాని బదులు వేలిని తీగ పొడవునా ముందుకీ వెనక్కీ ఊపితే వచ్చే గమకం చాలా అందంగా ఉంటుంది.

ఇప్పుడే డబ్బు పెట్టకుండా, తెలిసినవాళ్ళ దగ్గర ఒక క్లాసికల్ అరువు దొరుకుతుందేమో చూడండి. మూడు వారాలు పీట వేసుకుని వాయించండి. అప్పటికీ మణికట్టు నొప్పిగా ఉంటే 50 మి.మీ. నట్ ఉన్నవీ, 650 బదులు 640 మి.మీ. స్కేల్ (తీగ మోగే పొడవు) ఉన్నవీ క్లాసికల్‌లోనే దొరుకుతాయి, క్రాస్‌ఓవర్‌కి వెళ్ళేముందు అవి చూడండి. మీరు ఎక్కువగా ఏ రకం పాటలు వాయిస్తారో, బొటనవేలి పట్టు ఎంత వాడతారో రాయండి. దాన్నిబట్టి ఇంకొంచెం కచ్చితంగా చెబుతాను.