తీసుకున్నదానికి బదులేమిచ్చారో చూడు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. చిన్ననాటి నుంచి కామిక్స్ చదువుతున్నవాడివి, ఇక మీదట సూపర్‌హీరో సినిమాల జోలికి వెళ్ళనని, అవి పుస్తకాలను పాడుచేస్తున్నాయని రాశావు. ఆ కోపం నాకు కొత్త కాదు. 2002లో శామ్ రైమీ తీసిన స్పైడర్‌మ్యాన్ సినిమాకు మీ అమ్మతో కలిసి వెళ్ళినప్పుడు, కుర్రవాడి మణికట్టులోంచి సాలెదారం దానంతట అదే రావడం చూసి, సగం సినిమా పళ్ళు నూరుతూనే కూర్చున్నాను. 1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో సృష్టించిన పీటర్ పార్కర్, అంటే ముసుగు వెనకున్న స్పైడర్‌మ్యాన్, ఆ దారానికి కావలసిన ద్రావకాన్నీ, దాన్ని చిమ్మే పరికరాన్నీ తానే తయారుచేసుకున్నాడు. చేతిలో కాసు ఆడని విద్యార్థి తెలివికి అదే గుర్తు. పైగా ఆ ద్రావకం సరిగ్గా అవసరమైన వేళకే అయిపోయేది! ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారాలు ఏరుకున్న, అట్టలు ఊడిన సంచికలలో నేను వెతుక్కున్నది ఆ ఘట్టాలనే. ఆ పుస్తకాలను ఏనాడూ ముట్టని మీ అమ్మ మాత్రం సినిమాను హాయిగా చూసి వచ్చింది.

నా తొందరపాటు నాకు తెలిసిరావడానికి రెండేళ్ళు పట్టింది. 2004లో వచ్చిన రెండవ భాగంలో, పీటర్ మనసు కుంగిపోయేకొద్దీ దారం రావడం మానేస్తుంది, మేడల మధ్య ఊగుతున్నవాడు ఊగుతూనే కింద పడతాడు. పుస్తకంలో ద్రావకం అయిపోయేది, ఇక్కడ అతని నిబ్బరమే అయిపోయింది. పరికరాన్ని తీసివేసిన దర్శకుడు ఆ బాకీని అలా తీర్చాడు. అందుచేత, ఏమి మార్చారో లెక్కపెట్టడం మాని, తీసుకున్నదానికి బదులుగా ఏమిచ్చారో చూడు. ఏమీ ఇవ్వకపోతే తప్పకుండా తిట్టు, నేనూ గొంతు కలుపుతాను. అటువంటి సినిమాలకూ కొదవ లేదు.

అదే సినిమాలో చెత్తడబ్బాలోంచి వేలాడుతున్న ఎర్రని దుస్తులు, వాటికి వీపు తిప్పి వెళ్ళిపోతున్న పీటర్ కనిపిస్తారు. అది 1967 నాటి స్పైడర్‌మ్యాన్ పుస్తకం 50వ సంచికలో జాన్ రోమిటా పేజీ నిండా గీసిన బొమ్మ. పుస్తకంలో ఆ బొమ్మ ముందు ఎంతసేపు నిలబడాలో నిర్ణయించుకునేది మనమే. బొమ్మకూ బొమ్మకూ మధ్య ఉన్న తెల్లని సందులో ఏమి జరిగిందో ఊహించుకునేదీ మనమే. సినిమా ఆ సందును పూడ్చివేసి, ఆ బొమ్మను కొద్ది క్షణాలలో దాటించేస్తుంది. అయినా ఎరిగిన బొమ్మ కదలిక మధ్యలో హఠాత్తుగా ఎదురైతే కలిగే ఆనందం చదివినవాడికే దక్కుతుంది. అది పూర్తిగా దక్కాలంటే, సినిమాకు ముందు రోజు రాత్రి పుస్తకం తిరగేయవద్దు. అప్పుడే చదివి వెళ్ళినవాడు పోల్చిచూస్తాడు, ఏనాడో చదివినవాడు గుర్తుపడతాడు.

భయం కూడా తెలిసినవాడికే ఎక్కువ. 1973 నాటి పుస్తకంలో వంతెన మీది నుంచి పడిన పీటర్ ప్రియురాలు గ్వెన్ స్టేసీ బతకలేదని ఎరిగినవాణ్ణి కనుక, 2002 సినిమాలో అతను ప్రేమించిన మేరీ జేన్‌ను వంతెన మీదికి తెచ్చేసరికి నేను కుర్చీ చేయి గట్టిగా పట్టుకున్నాను. మీ అమ్మ మొక్కజొన్న పేలాలు తింటూనే ఉన్నది.

ఇంకొక సంగతి. వీలైతే మొదటి రోజే, నిండిన హాలులో చూడు. యోగ్యుడు తప్ప ఎవరూ కదపలేని థోర్ సుత్తిని కెప్టెన్ అమెరికా ఎత్తడాన్ని నేను 1988 నాటి సంచికలో ఒంటరిగా చదివాను. ఇంట్లో ఎవరికైనా చెబుదామంటే బొమ్మల పుస్తకాలు మానమనేవారు. 2019లో అవెంజర్స్: ఎండ్‌గేమ్ సినిమాలో అదే సుత్తి అతని చేతికి వచ్చినప్పుడు హాలంతా లేచి అరిచింది. ముందే తెలిసిన పద్యానికి వన్స్‌మోర్ కొట్టిన పద్యనాటకాల ఊళ్ళలో పుట్టినవాణ్ణి, ఆ అరుపు నాకు వింతగా అనిపించలేదు. పక్కవాడికి సంచిక సంఖ్యలు గొణగడం మాత్రం మానుకో, ఆ అలవాటుతో నేను ఇద్దరు స్నేహితులను విసిగించాను.

మీ పాపకు ముందుగా సినిమానే చూపించు. చెత్తడబ్బా బొమ్మ ఉన్న పునర్ముద్రణ నా దగ్గర ఉన్నది, ఒక మూల చెదలు కొట్టింది గాని బొమ్మ చెడలేదు. దసరాకు వచ్చినప్పుడు తీసుకువెళ్ళు.

మీ మామయ్య