క్యాట్‌ఫిష్ ముల్లు దిగి మూడు వారాలైంది, వేలి మీద గడ్డ తగ్గట్లేదు.. టోర్నమెంట్‌కి వెళ్లొచ్చా?

ప్రశ్న: నా వయసు 41. మాది రాజమండ్రి, పదేళ్లుగా డల్లాస్ దగ్గర ఉంటున్నాం. వీకెండ్స్‌లో కయాక్ మీద క్యాట్‌ఫిష్ పట్టే పోటీల్లో పాల్గొంటుంటాను. మూడు వారాల క్రితం టెక్సోమా లేక్‌లో చిన్న చానెల్ క్యాట్‌ఫిష్ ముల్లు కుడి చూపుడు వేలికి దిగింది. వాపు రెండ్రోజుల్లో తగ్గింది కానీ ఇప్పుడు అక్కడే శనగ గింజంత గట్టి గడ్డ, ఊదా రంగులో ఉంది. క్లినిక్‌లో ఇచ్చిన సెఫలెక్సిన్ అనే యాంటీబయాటిక్ వారం వాడినా మార్పు లేదు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడతాను. రెండు వారాల్లో ఇంకో పోటీ ఉంది, ఫీజు కూడా కట్టేశాను. గ్లవ్స్ వేసుకుని వెళ్లొచ్చా?

జవాబు: వద్దండి, ఈసారికి ఆగండి. ఫీజు పోతే పోయింది, అది కుడి చేతి చూపుడు వేలు.

మీది గోదావరి జిల్లా కాబట్టి జెల్ల ముల్లు సంగతి మీకు చెప్పక్కర్లేదు. క్యాట్‌ఫిష్ కూడా ఆ తరహా చేపే. వీపు మీద ఒకటి, రెండు పక్కలా ఒక్కోటి ముళ్లుంటాయి, బెదిరితే వాటిని నిటారుగా బిగించేస్తుంది, అంచున రంపం పళ్లలా ఉండటంతో గుచ్చుకున్నాక లాగేటప్పుడు లోపల ఇంకా చీరుతుంది, పైగా ముల్లు పొరలో కాస్త విషం కూడా ఉంటుంది. పెద్ద చేపల కంటే చిన్నవాటి ముళ్లే వాడిగా ఉంటాయి. మీ పోటీల్లో చేపని ఒళ్లోనే కొలత బోర్డు మీద పడుకోబెట్టి, నోరు మూయించి, ఫోటో తీసి మళ్లీ నీళ్లలో వదలాలి కదా, ఆ రెండు నిమిషాల్లోనే చేతికి గాయాలయ్యేది.

విషం వల్ల వచ్చే నొప్పి, వాపు మీకు అప్పుడే తగ్గిపోయాయి. ఇప్పుడున్న గడ్డకి నాకు రెండు అనుమానాలు. ఒకటి, ముల్లు ముక్క లోపల ఉండిపోవడం. ఎక్స్‌రేలో చాలాసార్లు కనపడుతుంది, కనపడకపోతే అల్ట్రాసౌండ్ చేయించాలి. రెండోది, నన్ను ఎక్కువ కంగారు పెట్టేది, మైకోబ్యాక్టీరియం మెరైనం అనే క్రిమి. టీబీ క్రిమి కుటుంబానికి చెందినదే కానీ చేపల్లో, నీళ్లలో ఉంటుంది, మనిషి నుంచి మనిషికి అంటదు కాబట్టి ఇంట్లో పిల్లల గురించి టెన్షన్ పడకండి. గాయమైన రెండు నుంచి నాలుగు వారాలకి, అంతా మానిపోయిందనుకున్నాక, మీరు చెప్పినట్టే గట్టి గడ్డలా లేస్తుంది. సెఫలెక్సిన్ దీని మీద పనిచేయదు. అదేనని చూడకుండా నేను తేల్చి చెప్పలేను, చిన్న ముక్క తీసి పరీక్ష చేయాల్సిందే.

ఈ వారంలోనే చేతి సర్జన్‌కి గానీ ఇన్ఫెక్షన్ల స్పెషలిస్ట్‌కి గానీ చూపించండి. లోపలికి వెళ్లగానే చెప్పాల్సిన మొదటి మాట "చేప ముల్లు గుచ్చుకుంది" అని. మామూలు గడ్డ అనుకుంటే శాంపిల్‌ని 37 డిగ్రీల దగ్గర పెంచుతారు, ఈ క్రిమి 30 డిగ్రీల దగ్గర బాగా పెరుగుతుంది, అది కూడా వారాల తరబడి పడుతుంది. ల్యాబ్‌కి ముందే తెలియకపోతే రిపోర్ట్ ఏమీ లేదని వచ్చేస్తుంది. ఈలోగా ఎవరైనా గడ్డలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేస్తామంటే ఒప్పుకోకండి, అదే క్రిమి అయితే లోతుకి పాకుతుంది. మందులు నెలల తరబడి వాడాల్సి రావచ్చు, గడ్డ తగ్గగానే ఆపేయకూడదు. టెటనస్ ఇంజెక్షన్ వేయించుకుని ఐదేళ్లు దాటిందా? దాటితే అదీ అడగండి. షుగర్ అదుపులో లేకపోతే ఇన్ఫెక్షన్ త్వరగా మానదు, మూడు నెలల సగటు షుగర్ పరీక్ష (HbA1c) కూడా చేయించండి.

వేలు మొత్తం ఉబ్బి వంగిపోయినా, చాపితే ప్రాణం పోయేంత నొప్పిగా ఉన్నా, ఎర్రటి చార చేయి పైకి పాకినా, జ్వరం వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లిపోండి. అది స్నాయువు (వేలిని కదిలించే తాడు లాంటి నరం కాని భాగం, టెండన్) చుట్టూ చీము చేరడం కావచ్చు, ప్రతి గంటా ముఖ్యమే.

గ్లవ్స్ సంగతి అడిగారు. తడిసిన గ్లవ్ లోపల గంటల కొద్దీ తెడ్డు పట్టుకుంటే ఆ గడ్డే నలుగుతుంది. డాక్టర్ సరే అన్నాక వెళ్లినప్పుడు చేప నోటిని పట్టుకునే గ్రిప్పర్ వాడండి, ఫ్లాస్కులో వేడినీళ్లు ఉంచుకోండి. మళ్లీ గుచ్చుకుంటే 45 డిగ్రీలు దాటని వేడిలో, అంటే ఓర్చుకోగలిగినంత వేడిలో, అరగంట నుంచి గంటన్నర చేయి ముంచితే ఆ విషం పనిచేయకుండా పోయి నొప్పి తగ్గుతుంది. వేడి మాత్రం గాయం లేని చేత్తో చూడండి, షుగర్ ఉన్నవాళ్లకి వేళ్లు మొద్దుబారి కాలింది కూడా తెలియకపోవచ్చు.