పజిల్ టేబుల్ మీద వద్దు, చెక్క మీద పేర్చండి
డైనింగ్ టేబుల్ మీద వెయ్యి ముక్కల పజిల్ (ముక్కలు కలిపి బొమ్మ పేర్చేది) మొదలుపెడితే భోజనాల వేళకి తీసేయాల్సి వస్తోందని, ఆరేళ్ల పాప విసుక్కుంటోందని రాశారు కదండీ. మా ఇంట్లోనూ ఇదే గొడవ ఉండేది. వెయ్యి ముక్కలది పూర్తయితే మామూలుగా 70 సెం.మీ. పొడవు, 50 సెం.మీ. వెడల్పు వస్తుంది, అంతకంటే నాలుగు వేళ్లు పెద్దగా ప్లైవుడ్ చెక్క కోయించుకుని దాని మీదే పేర్చండి, అన్నం వేళకి చెక్కతో సహా మంచం కిందకి తోసేయొచ్చు.

ముందు అంచు ముక్కలు ఏరండి. మిగతావి రంగుల వారీగా పళ్లేల్లో పోసి తలా ఒకటి ఇవ్వండి. పాపకి ఆకాశం మాత్రం వద్దు, అంతా ఒకే నీలం, పెద్దవాళ్లకే ఓపిక చాలదు. ఇల్లో, పువ్వులో ఉన్న భాగం ఇవ్వండి, విడిగా వంద ముక్కలది ఒకటి కొనిపెట్టండి. మా అత్తయ్యగారు మొదట్లో దూరం నుంచి చూసేవారు, ఇప్పుడు రాత్రి సీరియల్ అవగానే కళ్లజోడు పెట్టుకుని అందరికంటే ముందు ఆవిడే కూర్చుంటున్నారు.