పాత కారుకు కొత్త రేకు: డై చేయిస్తే గిట్టుతుందా?

ప్రశ్న: రేణిగుంట రోడ్డులో మాకు టింకరింగ్ షెడ్డు ఉంది. అంబాసిడర్, పద్మినీ ముందు మడ్‌గార్డులు దొరక్క బండ్లవాళ్లు తిరిగిపోతున్నారు. డై (ప్రెస్సులో రేకును నొక్కి ఆకారం తెచ్చే ఉక్కు అచ్చు) చేయించి మేమే కొట్టించి అమ్మితే గిట్టుతుందా?
- ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: రేకు ధర చూసి దిగకండి. ఒక మిల్లీమీటరు మందం, ఎనిమిదడుగులకు నాలుగడుగుల షీటు 23 కిలోల పైచిలుకు తూగుతుంది. మడ్‌గార్డుకు అందులో సగం చాలు. డబ్బు తినేది డై. అంత లోతైన వంపు ఒక్క దెబ్బకు రాదు. రేకును లాగడానికి, అంచు కోయడానికి, మడవడానికి, బోల్టు రంధ్రాలు పొడవడానికి వేర్వేరు డైలు కావాలి. ఎడమకు ఒక సెట్టు, కుడికి ఇంకోటి. చెన్నై అంబత్తూరులో ప్రెస్సు జాబ్ వర్కుకు దొరికినా డై మాత్రం మీదే. లెక్క కోసం అన్నీ కలిపి 20 లక్షలు అనుకుందాం. 100 జతలు అమ్మితే జత మీద 20,000 డై ఖర్చే. 1,000 జతలైతే 2,000. అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది, పద్మినీ అంతకు చాలా ముందే. వెయ్యో జత అమ్ముడయ్యేదాకా వడ్డీ ఊరుకోదు కదా!

తుప్పు మొత్తం రేకును తినదు. డోరు కింది అంచు, సిల్లు (డోరు కింద బాడీకి ఉండే పొడవాటి పట్టీ), కాళ్ల కింది ఫ్లోరు, హెడ్‌లైటు చుట్టూ తింటుంది. ఆ ముక్కలు చేసి అమ్మండి. సిల్లుకు ఫోల్డింగ్ మెషిన్ చాలు. వంపు ముక్కలకు చింత మొద్దుతో అచ్చు చెక్కించండి. పచ్చి మొద్దు వద్దు, ఎండేకొద్దీ చీలి కొలత మారుతుంది. రేకును అచ్చుకు బిగించి, చెక్కసుత్తితో చుట్టూ తిరుగుతూ నాలుగైదు విడతల్లో అంచు దించాలి. ఒకేచోట పూర్తిగా మడిస్తే పక్కన ముడత లేస్తుంది. షీటు డీప్ డ్రాయింగ్ గ్రేడే, అంటే లోతుగా వంచడానికి పనికొచ్చే మెత్తటి రేకే అడగండి. గట్టి రేకు వంపు దగ్గర చిట్లుతుంది.

అన్నిటికన్నా నష్టం చేసేది తప్పుడు నమూనా. పుట్టీ నింపిన డోరు మీద కొలత తీస్తే పుట్టీ మందమూ అచ్చులోకి ఎక్కుతుంది. ముందు అయస్కాంతం ఆనించి చూడండి. పట్టు సడలిన చోట పుట్టీ ఉంది.

ప్రశ్న: తుప్పు తిన్న చోట వేసే అలాంటి రేకు ముక్కకు ధర ఎలా కట్టాలి?
- ఒక మెకానిక్, చిత్తూరు

జవాబు: ఒక మిల్లీమీటరు రేకులో అడుగుకు అడుగున్నర ముక్క 1.1 కిలో. ఆ బరువుకు రేకు ధర కట్టి, తరుగు, పని గంటలు కలపండి. అచ్చుకు 6,000 అయితే 30 ముక్కల మీద పంచండి, ఒక్కోదానికి 200. అంచున అరంగుళం ఎక్కువ వదలండి. పొడవు చాలని ముక్క ఎంత చవకైనా వాపసు వస్తుంది, దాని కూలి మీ నెత్తిన పడుతుంది.