నాయిక కంటే ఆ స్నేహితుడే నచ్చాడు, నాలో లోపమా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. పెళ్లయి ఐదేళ్లయింది. నవలలన్నా సీరియళ్లన్నా పిచ్చి. అయితే కొంతకాలంగా నాయికా నాయకుల ప్రేమ నాకు ఎక్కడం లేదు. ఒక అపరాధ పరిశోధన సీరియల్లో ఇద్దరు మగవాళ్లు కలిసి పనిచేస్తుంటారు. వాళ్ల మధ్య ప్రేమ ఉందని ఎవరూ అనరు. వాళ్లు ఒకరినొకరు చూసుకునే తీరు చూస్తే మాత్రం నాకు ఆ రాత్రి నిద్ర పట్టదు. వాళ్ల మీద నేనే కథలు రాసుకుంటున్నాను. మొన్న మావారు ఆ నోటుపుస్తకం చూసి, "నీలో ఏదైనా తేడా ఉందా? మన సంసారంలో ఏం తక్కువైంది?" అన్నారు. అప్పటినుంచి మనసు మనసులో లేదు. నిజంగా నాలో లోపం ఉందా?

జవాబు: లేదు. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది నిదానంగా మాట్లాడుకోవచ్చు. నోటుపుస్తకం చింపేయలేదు కదా? చింపకండి.

మీకు పట్టిన ఈ పిచ్చి చాలా పాతది. ప్రాచీన గ్రీకు కవి హోమర్ రాసిన యుద్ధకావ్యం 'ఇలియడ్'లో అకిలీస్, పాట్రోక్లస్ అని ఇద్దరు వీరులు, ప్రాణస్నేహితులు. వాళ్లు ప్రేమికులని హోమర్ ఎక్కడా చెప్పడు. పాట్రోక్లస్ చనిపోయాడని వినగానే అకిలీస్ రెండు చేతులా దుమ్ము తీసి నెత్తిన పోసుకుంటాడు, తిండి ముట్టనంటాడు. హోమర్ చెప్పేది అంతవరకే. చెప్పనిదాని మీద తర్వాతి గ్రీకులు తెగ వాదించుకున్నారు. తత్వవేత్త ప్లేటో రాసిన 'సింపోజియం' అనే సంభాషణలో ఒకాయన, ఈ ఇద్దరిలో ప్రేమించినవాడెవరో, ప్రేమించబడినవాడెవరో నాటకకర్త ఎస్కిలస్ తలకిందులుగా చెప్పాడని తప్పుపడతాడు. మీ నోటుపుస్తకానికి 2,300 ఏళ్లు పైబడిన వంశం ఉందన్నమాట. అంత దూరం వద్దనుకుంటే, 1966లో అమెరికాలో మొదలైన 'స్టార్ ట్రెక్' సీరియల్ ఉంది. అందులో ఒకే అంతరిక్ష నౌకలో పనిచేసే కెప్టెన్ కిర్క్, స్పాక్ ప్రేమించుకున్నట్టు 1970ల్లో అభిమానులు, ముఖ్యంగా ఆడవాళ్లు, కథలు రాసి సొంతంగా అచ్చు వేసుకుని పంచుకున్నారు. ఆ రెండు పేర్ల మధ్య గీసిన ఏటవాలు గీత (ఇంగ్లిషులో దాన్ని స్లాష్ అంటారు) వల్లనే అలాంటి కథలకు 'స్లాష్' అన్న పేరు వచ్చింది.

ఇంతమందిని పట్టేసేది ఏమిటి? మామూలు ప్రేమకథలో నాయిక అడుగు పెట్టిన క్షణానే సంగతి మనకు తెలిసిపోతుంది. సంబంధం రచయిత ముందే కుదిర్చేశాడు. మనం చేయవలసింది హాజరు వేయించుకోవడమే. చెప్పని ప్రేమ అలా కాదు, దాన్ని మనమే కనిపెట్టాలి. 1924లో వచ్చిన ఒక షెర్లాక్ హోమ్స్ డిటెక్టివ్ కథలో అతని స్నేహితుడు వాట్సన్ తొడకు తుపాకీ గుండు తగులుతుంది. ఎప్పుడూ మంచుగడ్డలా ఉండే హోమ్స్ పరుగున వచ్చి పట్టుకుంటాడు, జేబుకత్తితో అతని ప్యాంటు చీల్చి గాయం చూస్తాడు. ఆ ఒక్క క్షణం అతని కళ్లు మసకబారతాయి, పెదవులు వణుకుతాయి. గాయం పైపైదే అని తేలుతుంది, కథ ముందుకు సాగిపోతుంది. దాన్ని స్నేహమనే అనుకోండి, తప్పులేదు. ఆ వణుకు పది ప్రేమలేఖల పెట్టు. ఎందుకంటే దాన్ని దాచుకోబోయి దొరికిపోయాడు, దొరకబట్టింది మనం.

ఇంకో సంగతి, నా దృష్టిలో అసలు సంగతి: ఆ ఇద్దరికీ ప్రేమ కాక వేరే పని ఉంది. కలిసి తిరుగుతారు, పోట్లాడుకుంటారు, ఒకరి తెలివిని ఒకరు పరీక్షించుకుంటారు. పాపం, నాయికకు చాలా కథల్లో ప్రేమించబడటం తప్ప ఉద్యోగం లేదు. ఆమెకూ ఒక పంతం, ఒక పనితనం, ఎదుటివాడి తప్పును మొహాన చెప్పే నోరు ఇచ్చి చూడమనండి, అదే కుర్చీలో మీరు ఆమె కోసం కూర్చుంటారు. ఇది స్త్రీపురుష ప్రేమలో ఉన్న లోపం కాదు, రాసేవాళ్ల పిసినారితనం. ఇద్దరు మగవాళ్ల కథలో మీకు ఇంకో సుఖం కూడా ఉండి ఉండవచ్చు. అక్కడ ఆడమనిషి లేదు గనుక మిమ్మల్ని మీరు ఎవరితోనూ కొలుచుకోనక్కర్లేదు.

అలాగని చెప్పకపోవడమే గొప్ప అని నేననను. 1934 నుంచి 1961 వరకు హాలీవుడ్ సినిమాల నియమావళి కింద స్వలింగ ప్రేమను తెర మీద చూపనివ్వలేదు, సూచనగా తప్ప దారి లేకపోయింది. ఇప్పుడు ఆ అడ్డు లేని చోట కూడా కొన్ని సీరియళ్లు ఊరించి ఊరించి, ఆఖరి భాగంలో ఒకరికి హడావిడిగా పెళ్లి చేసేస్తాయి. స్వలింగ ప్రేమ సొంత జీవితమైన పాఠకులకు అది కడుపు మంట. వాళ్ల కోపం న్యాయమైనది.

ఇక మీవారు అన్న 'తేడా'. స్వలింగ ప్రేమను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే వ్యాధుల జాబితా నుంచి తీసేసింది, కాబట్టి ఆ మాటకు వైద్యంలో చోటు లేదు. ఈ కథలు మీ సొంత కోరికల గురించి ఏమైనా చెబుతున్నాయా? చెప్పవచ్చు, చెప్పకపోవచ్చు. అది తేల్చవలసింది మీరే, తొందరేమీ లేదు. నాకు మీ ఉత్తరంలో ఇంకొకటి కనిపించింది. ఆ ఇద్దరి చూపుల గురించి ఇష్టంగా రాశారు. మీవారి గురించి ఉన్నది ఆయన విసిరిన మాట ఒక్కటే. తప్పుపట్టడం లేదు, పక్షపాతంగా ఉన్నారంతే.

ఒకసారి మీ కథలు మీరే చదువుకుని, ఆ ఇద్దరూ ఎక్కువసేపు ఏం చేస్తున్నారో చూడండి. ఒకడు రోజంతా జరిగినది చెబుతుంటే రెండోవాడు చేతిలోది పక్కన పెట్టి వింటున్నాడా? అలాంటి పేజీలే ఎక్కువుంటే, మీవారు అడిగిన 'ఏం తక్కువైంది' అన్న ప్రశ్నకు జవాబు ఆయన చేతుల్లోనే ఉంది. నిందగా చెప్పకండి, ఆ పేజీ చదివి వినిపించండి. ఆయన మాటలోనూ కోపం కంటే బెంగే ఎక్కువ వినిపించింది నాకు, మీ పుస్తకంలో తనకు చోటు లేదని.

ఆ సీరియల్లో మీకు నిద్ర పట్టనివ్వని భాగం ఏదో ఆయన పక్కన కూర్చుని మళ్లీ చూడండి. నవ్వితే నవ్వనివ్వండి. మధ్యలో ఆపి, "ఇందాక వాడు ఎందుకలా చూశాడు?" అని ఆయనే అడిగితే మాత్రం నాకు ఇంకో ఉత్తరం రాయండి.