అపార్ట్‌మెంట్ సీసీ కెమెరాలకు డేటా రక్షణ చట్టం వర్తిస్తుందా?

దొంగతనం జరిగాక అసోసియేషన్ తరఫున కెమెరాలు పెట్టించామని, ఇప్పుడు ఎదురు ఫ్లాట్‌వాళ్ళు "మా గుమ్మం లోపలిదాకా కనిపిస్తోంది" అని గొడవపడుతున్నారని రాశారు. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్‌కి సెక్రటరీగా ఈ తలనొప్పి నాకూ తెలుసు.

వర్తిస్తుందనే అనుకుని నడుచుకోండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, ఒక మనిషి తన ఇంటి అవసరానికి చేసుకునే పనుల జోలికి రాదు. మీ తలుపు మీద మీరు పెట్టుకున్న కెమెరా సంగతి వేరు, అందరి డబ్బుతో లిఫ్టులో, పార్కింగ్‌లో పెట్టినవి వేరు. రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి. అసలు బాధ్యతలు అమల్లోకి వచ్చేది 2027 మేలో. రూ.250 కోట్ల జరిమానా అని వీడియోల్లో బెదరగొడుతుంటారు గానీ, అది గరిష్ఠ పరిమితి. దానికి టెన్షన్ పడక్కర్లేదు.

మా దగ్గర అసలు రచ్చ వాట్సాప్ వల్ల మొదలైంది. పాత కమిటీ ఉన్నప్పుడు, ఒక పనిమనిషి కవరు పట్టుకుని లిఫ్టు ఎక్కుతున్న క్లిప్పు "ఏం పట్టుకెళ్తోందో చూడండి" అంటూ గ్రూపులో పడింది. కవర్లో ఉన్నవి ఆ ఇంటావిడ ఇచ్చిన పాత బట్టలే. ఆమె పని మానేసింది. క్లిప్పు తీసిందెవరో తేలలేదు. కెమెరాల రికార్డింగ్ దాచే పెట్టె, అదే డీవీఆర్‌కి, అప్పట్లో టెక్నీషియన్ పెట్టిన పాస్‌వర్డే ఉంది, కెమెరాలు ఫోన్‌లో చూసే యాప్ ఎవరెవరి ఫోన్లలో ఉందో లెక్కే లేదు.

ఇప్పుడు యాప్ ఇద్దరి దగ్గరే ఉంది. ఎవరైనా ఫుటేజ్ అడిగితే రిజిస్టర్‌లో కారణం, తేదీ, టైము రాసి సంతకం పెట్టాలి. స్క్రీన్ మీద చూపిస్తాం, కాపీ ఇవ్వం. పోలీసులు లెటర్ తెస్తే మాత్రం ఇస్తాం. రికార్డింగ్ 30 రోజులకి దానంతటదే చెరిగిపోతుంది. జనం ఎక్కువగా వచ్చే సంస్థలు 30 రోజులు దాచాలని 2013 నాటి ప్రజా భద్రతా చట్టంలో ఉంది, మేమూ అదే లెక్క పెట్టుకున్నాం. గేటు దగ్గర కెమెరాలున్నాయని, ఎందుకున్నాయో, ఎవరిని అడగాలో బోర్డు పెట్టాం. మైకులు ఆపేశాం.

మీ ఎదురు ఫ్లాట్ గొడవకి మందు డీవీఆర్ సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. ప్రైవసీ మాస్క్ అని ఉంటుంది, గుమ్మం మీదికి నల్లడబ్బా లాగితే ఆ భాగం రికార్డే కాదు. మాస్క్ పెట్టాక ఆ ఇంటివాళ్ళనే పిలిచి స్క్రీన్ చూపించండి, మాటలతో నమ్మరు. ఇంకోటి, డీవీఆర్ రిపేరుకి పంపేటప్పుడు హార్డ్ డిస్క్ తీసి మీ దగ్గరే పెట్టుకోండి.