కథకి ముందు సారీ ఎందుకురా?

ఒరే కన్నా,

నీ కథ చేరింది. దానికంటే ముందు నీ సారీలు చేరాయి. "పెద్దమ్మా, నేను ఇంగ్లిష్ మీడియం కదా, తప్పులు బాగా ఉంటాయి, నవ్వకు" అని ఒక మెసేజ్, "గ్రామర్ అసలు చూసుకోలేదు" అని ఇంకొకటి, చివర్లో దండం పెడుతున్న బొమ్మలు మూడు. నేను నవ్వలేదు గానీ, కథ తెరవగానే కథ వదిలేసి తప్పులు వెతకడం మొదలుపెట్టాను, ఆ పని నాతో చేయించింది నువ్వే. పెళ్లి భోజనాల్లో వడ్డించేవాడు విస్తరి ముందు నిలబడి "పప్పులో ఉప్పు కాస్త ఎక్కువైందండీ" అని చెప్పి మరీ వడ్డిస్తే ఆ పప్పు ఎవరికి సయిస్తుంది చెప్పు? ఇకమీదట కథ పంపితే కథ ఒక్కటే పంపు.

పాత అలవాటు ఎక్కడికి పోతుంది, ప్రింట్ తీయించి ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఆరు పేజీల్లో 43 తప్పులు తేలాయి. కంగారు పడకు. అందులో 30 నాలుగే నాలుగు రకాలవి, అవే మళ్ళీ మళ్ళీ. ఈ నాలుగూ సరిచేసుకుంటే నీకు తెలుగు రాదనే వాళ్ళు సగానికి పైగా నోరు మూసుకుంటారు.

మొదటిది ఒత్తులు. 'భాద' అని రాశావు, 'భాద్యత' అని రాశావు. బాధలో ఒత్తు రెండో అక్షరానికి, బాధ్యతలోనూ అంతే. నువ్వు ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి తెలుగులోకి మార్చుకుంటావు కదా, అక్కడ హెచ్ ఎక్కడ పడాలో తేలక వస్తున్న గొడవ ఇది చాలావరకు. తెలుగు అక్షరాలే నేరుగా కనిపించే కీబోర్డు ఫోన్లో పెట్టుకో, ఓ పది రోజులు విసుగ్గా ఉంటుంది, తర్వాత వేళ్ళకే అలవాటైపోతుంది. అలాగే అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం. నీ హీరో "నాకు అర్ధం అయింది" అన్నాడు, పాపం సగమే అయిందనుకున్నాను. రెండోది 'చేసాడు', 'రాసాడు'. చేసింది అన్నప్పుడు స, చేశాడు, చేశారు, చేశాను అన్నప్పుడు శ. ఈమధ్య చాలామంది 'చేసాడు' అనే రాస్తున్నారు, పెద్ద నేరమేమీ కాదు, కానీ నువ్వు ఒకే పేజీలో రెండూ రాశావు. మూడోది ణ, ళ. కళ్ళు కల్లు అయితే కథే మారిపోతుంది కదరా. నాలుగోది మాటల మధ్య ఖాళీలు. 'చెప్ప లేక పోయాడు' అని మూడు ముక్కలు చేశావు, చెప్పలేకపోయాడు అని ఒకే ఊపిరిలో అంటాం, ఒకే మాటగా రాయి.

దీనికో మందుంది. చిన్న నోట్‌బుక్ పెట్టుకుని నీ తప్పులు మాత్రమే అందులో రాసుకో. వ్యాకరణం పుస్తకం మొదటి పేజీ నుంచి చదవాలని కూర్చుంటే సంధుల దగ్గరే నిద్ర వస్తుంది, నాకూ వచ్చింది. అనుమానం వచ్చిన ప్రతి మాటనీ ఆంధ్రభారతి సైట్లో కొట్టి చూడు, చాలా నిఘంటువులు ఒకేచోట వెతికిపెడుతుంది. కథ మధ్యలో మాత్రం ఆగి చూడకు, కింద గీత గీసుకుని ముందుకి పో. రాసేటప్పుడు రాయి, దిద్దేటప్పుడు దిద్దు. రెండూ ఒకేసారి చేసేవాళ్ళ కథలు మొదటి పేరా దాటకపోవడం నేను చాలా చూశాను.

అన్నట్టు, ముప్ఫై ఏళ్ళు పత్రికలో ప్రూఫులు దిద్దిన మీ పెద్దమ్మ ఏం చేసిందో తెలుసా? ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక సభ వార్త శీర్షికలో 'పురస్కారాల ప్రదానోత్సవం' అని రావాల్సింది 'ప్రధానోత్సవం' అని వచ్చింది. ప్రదానం అంటే ఇవ్వడం, ప్రధానం అంటే ముఖ్యం. లోపలి చిన్నక్షరాలన్నీ భూతద్దం పెట్టినట్టు చూసి, పేజీ నడినెత్తిన కూర్చున్న పెద్దక్షరాల్ని వదిలేశాను. మర్నాడు ఎడిటర్ గారు ఒక్క మాట అనలేదు, ఆ పేజీకి ఎర్ర సున్నా చుట్టి నా టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు మళ్ళీ వెళ్ళి ప్రూఫులే దిద్దాను, వేరే పని రాదు కాబట్టి. అప్పట్నుంచి శీర్షిక చివర్లో చూస్తాను, వేలు పెట్టి, అక్షరం అక్షరం.

ఇక్కడిదాకా చెప్పినవి ఎవరైనా దిద్దిపెట్టగలిగే తప్పులు. నాకు నిజంగా బెంగ పుట్టించినవి వేరే ఉన్నాయి, వాటిల్లో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు. 'అతని చేత తలుపు తెరవబడింది.' ఎవరురా అలా మాట్లాడేది? మీ అమ్మ ఎప్పుడైనా "నా చేత అన్నం వండబడింది, రండి" అందా? అతను తలుపు తీశాడు, అంతే. 'సీత యొక్క ఇల్లు' అన్నావు, సీత ఇల్లు చాలు. 'అమ్మ మరియు నాన్న' అన్నావు, అమ్మా నాన్నా అంటే చెవికెంత హాయిగా ఉంటుందో చూడు. 'నేను ఊరికి వెళ్ళడం జరిగింది' అన్నావు, అది స్టేషన్లో ఇచ్చే కంప్లయింటు భాష. 'ఒక పుస్తకాన్ని చదివాను' దగ్గర 'ఒక' అక్కర్లేదు, 'ని' కూడా అక్కర్లేదు, పుస్తకం చదివాను. పిల్లిని చూశాను అన్నప్పుడు 'ని' కావాలి, ప్రాణం ఉంది కాబట్టి. ఈ సంగతి నీకెవరూ నేర్పలేదు, అయినా మాట్లాడేటప్పుడు ఎప్పుడూ తప్పవు. వ్యాకరణం నీకు రాకపోతే కదా! నోట్లో ఉన్నది వేళ్ళలోకి రాకుండా మధ్యలో ఇంగ్లిష్ అడ్డం పడుతోంది.

ఇంకో రెండు చూపిస్తాను. 'బస్సు దిగి వర్షం మొదలైంది' అని రాశావు. బస్సు దిగింది వర్షమా? దిగి, తిని, చూసి లాంటి మాట వాడితే ఆ పని చేసినవాళ్ళే తర్వాతి పని కూడా చేయాలి. బస్సు దిగి పరిగెత్తాను అనొచ్చు, లేదంటే బస్సు దిగేసరికి వర్షం మొదలైంది అనాలి. వర్షం వచ్చి పంట పోయింది అంటాం కదా అని వాదిస్తావేమో, అక్కడ వర్షం వల్లే పంట పోయింది కాబట్టి చెల్లుతుంది. రెండోది, 'వాగు అవతల ఇళ్ళలో వెలుగుతున్న దీపాల కాంతి నీళ్ళ మీద కనిపిస్తున్నాయి' అన్న వాక్యం. బొమ్మ చాలా బాగుందిరా, దాని కోసమే ఆ పేజీ రెండుసార్లు చదివాను. కానీ కనిపిస్తున్నది కాంతి, ఒక్కటే. పొడుగు వాక్యం రాసినప్పుడు వెనక్కి వెళ్ళి, ఎవరు, ఏం చేశారు అన్న రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూసుకో. కాంతి కనిపిస్తోంది. అయిపోయింది.

యాస సంగతి. కథలో మూడుచోట్ల 'వచ్చిండు' అని రాసి పక్కన బ్రాకెట్లో మళ్ళీ సారీ చెప్పావు. అక్కడ నాకు కోపం వచ్చింది. మీ నాన్నది కరీంనగర్, మీ అమ్మా నేనూ తెనాలి పిల్లలం, నీ నోట్లో రెండూ ఉంటాయి, ఉండాలి కూడా. మీ వైపు కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9న భాషా దినోత్సవం చేస్తారు, మా వైపు గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు ఆగస్టు 29న చేస్తాం. ఇద్దరూ జనం మాట్లాడే మాటకే ఓటేసినవాళ్ళు. నువ్వు చూసుకోవాల్సిందల్లా ఒకటే, కథ చెప్పే గొంతు ఎవరిది? నాన్నమ్మ మాటల్లో 'వచ్చిండు' ఉండి, నీ కథనంలో 'వచ్చాడు' ఉంటే చక్కగా ఉంటుంది. కథంతా 'వచ్చిండు' అని రాస్తే మరీ చక్కగా ఉంటుంది. కథనంలోనే ఒక వాక్యం అలా, ఒక వాక్యం ఇలా రాస్తే మాత్రం చదివేవాళ్ళకి ఇద్దరు మనుషులు ఒకేసారి చెబుతున్నట్టుంటుంది.

దిద్దుకునే ముందు కథని వారం రోజులు ముట్టుకోకు. తర్వాత ఫోన్లో రికార్డు పెట్టి గట్టిగా చదువు, ఎక్కడ నాలుక తట్టుకుందో అక్కడ వాక్యం బాగాలేదని లెక్క. అక్షర దోషాలకి మాత్రం చివరి వాక్యం నుంచి పైకి చదువుకుంటూ రా, కథలో పడి కొట్టుకుపోకుండా ఉంటావు, మా డెస్కులో ఇది పాత చిట్కా. పూర్తయ్యాక ఇద్దరికే చూపించు, ఒకరు భాష తెలిసినవాళ్ళు, ఇంకొకరు కథలంటే పడిచచ్చేవాళ్ళు. పది మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో వేసి అభిప్రాయాలు అడగకు, పది కథలు వెనక్కి వస్తాయి, నీది ఒక్కటీ ఉండదు.

ధైర్యం ఎలా వస్తుందని అడిగావు. నాకు తెలిసినంతలో, మూడో కథో నాలుగో కథో పూర్తయ్యేసరికి ఈ ప్రశ్న అడగడం మర్చిపోతావు. నేను దాని గురించి పెద్దగా ఆలోచించలేదు, మర్నాటి పేజీ మర్నాటికి వెళ్ళాలి అంతే.

దిద్దిన కాగితాలు ఫొటో తీసి పంపుతున్నాను. ఎర్ర గీతలు కాక నాలుగో పేజీలో ఒకచోట పెన్సిల్‌తో ప్రశ్న గుర్తు పెట్టాను, అది తప్పు కాదు. బావి దగ్గర ఆ ముసలావిడ పిల్లాణ్ణి పిలిచి చెవిలో ఏదో చెప్పిందని రాశావు, ఏం చెప్పిందో రాయలేదు. రాత్రి నుంచి అదే ఆలోచిస్తున్నాను. ఏం చెప్పిందిరా?

పెద్దమ్మ